చిలుక పలుకు కాదు చదువంటే: ఇంగ్లీష్ పాఠానికి కావలసిన ముఖ్యమైన మాటలు



పదో తరగతి ఇంగ్లీష్ ప్రశ్నపత్రంలో మొదటి భాగం రీడింగ్ కాంప్రహెన్షన్. ఒక పేరా ఇస్తారు. దాని కింద ప్రశ్నలు ఇస్తారు. జవాబులు ఆ పేరాలోనే ఉంటాయి. అయినా హాస్టల్ పిల్లలు ఎక్కువగా భయపడేది ఈ భాగానికే. గ్రామర్ బిట్లు బట్టీ పట్టవచ్చు, ఎస్సే బట్టీ పట్టవచ్చు. కానీ ముందెప్పుడూ చూడని పేరాను ఎవరూ బట్టీ పట్టలేరు.

స్టడీ అవర్‌లో ఒకసారి గమనించండి. పేరాను గడగడా పైకి చదివే అమ్మాయిలు చాలామంది ఉంటారు. "ఇందులో ఏముంది?" అని అడిగితే మళ్లీ మొదటి వాక్యమే చదువుతారు. అక్షరాలు నోటిదాకా వచ్చాయి, అర్థం మాత్రం రాలేదన్నమాట. తెలుగులో పైకి చదివినా చదవడమే, అప్పజెప్పినా చదవడమే, బడికి పోయినా చదువుకోవడమే. అందుకే ఈ తేడా మనకు తొందరగా కనిపించదు.

ఈ వ్యాసంలో ఇంగ్లీష్ పాఠాల్లో, ప్రశ్నల్లో తరచుగా వచ్చే ముఖ్యమైన పదాలను, చదివే పద్ధతులను ఒకసారి గుర్తు చేసుకుందాం. వీటిలో చాలావరకు మీకు ఇప్పటికే తెలుసు. ఇంగ్లీష్‌లో పేర్లు మాత్రమే కొత్త.

రెండు వందల ఏళ్ల కిందటి మాట

అర్థం తెలియకుండా చదివే అలవాటు నిన్న మొన్నటిది కాదు. ఆదోని ప్రాంతం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. ఆ తర్వాత 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లను, మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు అని లెక్కలు అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి.క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. ఈయన తెలుగు బాగా నేర్చుకున్నవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు ప్రచురించాడు.

ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పర్షియన్ 21, తమిళం 4, ఇంగ్లీష్ బడి ఒక్కటి. సంస్కృతం నేర్పేవి మరికొన్ని. మొత్తం విద్యార్థులు 6,641 మంది. అంటే వెయ్యి మందికి ఏడుగురు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై మంది! మన హాస్టల్ భోజనాల గదిలో రెండు వరుసల్లో కూర్చోబెట్టవచ్చు.

మన పాఠానికి కావలసిన మాట ఆ నివేదికలోనే ఉంది. పిల్లలు వందలకొద్దీ పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతారనీ, వాటి అర్థం మాత్రం మాటలు నేర్చిన చిలుకకు తెలిసినంతే తెలుసుననీ ఆయన రాశాడు. కారణం కూడా చెప్పాడు. బడిలో చదివే పద్యాల భాష ఇంట్లో మాట్లాడే భాషకు దూరంగా ఉండేది. దాన్ని విడమరిచి చెప్పగలిగిన పంతుళ్లు తక్కువ. ఇప్పుడు పద్యాల స్థానంలో ఇంగ్లీష్ పేరాలను పెట్టి చూడండి. మన సమస్య అదే.

వాక్యాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

నౌన్ అంటే నామవాచకం, ప్రోనౌన్ అంటే సర్వనామం, వెర్బ్ అంటే క్రియ, అడ్జెక్టివ్ అంటే విశేషణం. ఇవి అందరికీ తెలుసు. అయితే చదివేటప్పుడు ఉపయోగపడే మూడు తేడాలు గుర్తుంచుకోవాలి.

1. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీష్‌లో కర్త పక్కనే వస్తుంది. "నేను అన్నం తిన్నాను" అనేది "ఐ ఏట్ రైస్" అవుతుంది. కాబట్టి పెద్ద వాక్యం ఎదురైతే ముందు కర్త ఎవరు, క్రియ ఏది అని వెతకండి. ఆ రెండూ దొరికితే సగం వాక్యం అర్థమైనట్టే.

2. వర్ణన వచ్చే చోటు తారుమారవుతుంది. "ఎమ్మిగనూరు నుంచి వచ్చిన అమ్మాయి నా స్నేహితురాలు" అని మనం అంటాం. ఇంగ్లీష్‌లో "ది గర్ల్ హూ కేమ్ ఫ్రమ్ ఎమ్మిగనూరు ఈజ్ మై ఫ్రెండ్" అంటారు. మనం అమ్మాయికి ముందు చెప్పినదాన్ని వాళ్లు అమ్మాయి తర్వాత చెప్పారు. 'హూ', 'విచ్', 'దట్' కనిపిస్తే ముందున్న మనిషి గురించో వస్తువు గురించో ఇంకా చెబుతున్నారని అర్థం.

3. 'హి', 'షి', 'ఇట్', 'దే', 'దిస్' కనిపించినప్పుడల్లా పెన్సిల్‌తో ఒక గీత గీసి అది ఎవరిని సూచిస్తుందో రాసుకోండి. పేరా మధ్యలో దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

తెలియని పదం వస్తే

తెలియని పదం రాగానే ఆగిపోవద్దు. చుట్టూ ఉన్న మాటలు సాయం చేస్తాయి. వీటిని కాంటెక్స్ట్ క్లూస్ అంటారు. "బికాజ్ ఆఫ్ ది డ్రౌట్, ది ట్యాంక్ వాజ్ డ్రై" అన్న వాక్యంలో 'డ్రౌట్' తెలియకపోయినా, దాని వల్ల చెరువు ఎండిందని తెలుస్తోంది. చెరువు దేనివల్ల ఎండుతుందో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 'డ్రౌట్' అంటే కరువు.

రెండో సాయం పదంలోనే ఉంటుంది. న్యాయం ముందు 'అ' చేరితే అన్యాయం అయినట్టే, 'హ్యాపీ' ముందు 'అన్' చేరితే 'అన్‌హ్యాపీ' అవుతుంది. ఇలా ముందు చేరేది ప్రిఫిక్స్. వెనుక చేరేది సఫిక్స్. 'టీచ్' చివర చేరితే 'టీచర్', 'వీవ్' చివర చేరితే 'వీవర్' అంటే నేతగాడు. 'లెస్' చేరితే లేదని అర్థం, 'హోప్‌లెస్' అంటే ఆశ లేని.

అయితే ఒక హెచ్చరిక. 'ఇన్‌కరెక్ట్' అంటే సరికానిది. అలాగని పెట్రోల్ ట్యాంకర్ మీద రాసే 'ఇన్‌ఫ్లేమబుల్' అంటే మంట అంటుకోనిది అనుకుంటే ప్రమాదం. దాని అర్థం సులభంగా మంట అంటుకునేది అని! అందుకే పదాన్ని విడదీశాక, ఆ అర్థం అక్కడ కుదురుతుందా అని మళ్లీ చూసుకోవాలి.

నాలుగు రకాల చదువు

స్కిమ్మింగ్: పేరా మొత్తం మీద త్వరగా కన్ను వేసి దేని గురించి ఉందో తెలుసుకోవడం. శీర్షిక, మొదటి వాక్యం, చివరి వాక్యం చూస్తే చాలు.

స్కానింగ్: కావలసిన ఒక్క విషయం కోసం వెతకడం. రైల్వే టైం టేబుల్‌లో ఆదోని ఎక్కడుందో చూడటానికి మొత్తం పుస్తకం చదవం కదా! గుంతకల్లు – రాయచూరు మార్గం పట్టుకుని, ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్ అని వేలు జరుపుతాం. 'వెన్', 'వేర్', 'హౌ మెనీ' ప్రశ్నలకు ఇదే పద్ధతి.

ఇంటెన్సివ్ రీడింగ్: ప్రతి వాక్యం ఆగి చదవడం. పాఠ్యపుస్తకాన్ని, పరీక్ష పేరాను ఇలాగే చదవాలి.

ఎక్స్‌టెన్సివ్ రీడింగ్: ఇష్టంగా ఎక్కువ చదవడం. కథల పుస్తకాలు, దినపత్రికలు ఈ కోవలోకి వస్తాయి. మాటలు పెరిగేది దీనివల్లే.

వీటితోపాటు టెక్స్ట్ ఫీచర్స్ గమనించాలి. అంటే శీర్షికలు, లావు అక్షరాలు, బొమ్మలు, పట్టికలు, రంగులు. పురుగుమందు డబ్బా దీనికి మంచి ఉదాహరణ. ఇంట్లో పత్తి వేసిన వాళ్లందరూ చూసే ఉంటారు. డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తులో కింది సగం ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే అంతకు కాస్త తక్కువ, తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తుల మీద 'పాయిజన్', నీలం మీద 'డేంజర్', ఆకుపచ్చ మీద 'కాషన్' అని ఉంటుంది. ఆకుపచ్చ ఉంది కదా అని భయం లేదనుకోకూడదు, 'కాషన్' అంటే జాగ్రత్త అనే. విరుగుడును 'యాంటిడోట్' అన్న మాట పక్కన రాస్తారు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆ డబ్బా చదివి నాన్నకు చెప్పండి. కాంప్రహెన్షన్ మార్కుల కోసమే కాదని అప్పుడు తెలుస్తుంది.

టాపిక్, మెయిన్ ఐడియా, ఇన్‌ఫరెన్స్

ఈ మూడూ చాలామందిని తికమక పెడతాయి. పేరా దేని గురించి అన్నది టాపిక్. దాని గురించి ముఖ్యంగా ఏం చెబుతోంది అన్నది మెయిన్ ఐడియా. దానికి బలం ఇచ్చేవి సపోర్టింగ్ డీటెయిల్స్. టాపిక్ ఒక మాటలో చెప్పవచ్చు. మెయిన్ ఐడియాకు ఒక వాక్యం కావాలి.

ఇన్‌ఫరెన్స్ అంటే రాయని విషయాన్ని రాసినదాన్ని బట్టి తెలుసుకోవడం. పొగ కనిపిస్తే నిప్పు ఉందనుకోవడం లాంటిది. బస్టాండులో మూటలు, వంట సామాను, చిన్న పిల్లలతో ఒక కుటుంబం గుంటూరు బస్సు కోసం నిలబడి ఉందనుకోండి. వాళ్లు సుగ్గికి పోతున్నారని మనకు తెలిసిపోతుంది. ఎవరూ చెప్పలేదు, గుర్తులు చెప్పాయి. ఇది ఇన్‌ఫరెన్స్. కానీ అదే దృశ్యం చూసి "ఆ పిల్లకు చదువంటే ఇష్టం లేదు" అంటే అది ఇన్‌ఫరెన్స్ కాదు, ఆధారం లేని ఊహ. ఆ పిల్ల సంచిలో పుస్తకాలు కూడా ఉండవచ్చు. పరీక్షలో జవాబు రాసే ముందు "దీనికి ఆధారం ఏ వాక్యంలో ఉంది?" అని అడగండి. వేలు పెట్టి చూపించలేకపోతే ఆ జవాబు వదిలేయండి.

కాజ్ అండ్ ఎఫెక్ట్ అంటే కారణం, ఫలితం. క్యాంప్‌బెల్ నివేదికలోనే దీనికి ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్ బట్టలు వచ్చి ఇక్కడి నేత పని దెబ్బతింది. అందువల్ల ఆదాయం తగ్గింది. అందువల్ల పిల్లల్ని బడికి పంపడం మానేసి పనిలో పెట్టారు. ఒక ఫలితమే ఇంకోదానికి కారణమైంది. 'బికాజ్', 'సిన్స్', 'దేర్‌ఫోర్', 'యాజ్ ఎ రిజల్ట్' వంటి మాటలు కనిపిస్తే అక్కడ ఈ గొలుసు ఉందని గుర్తించాలి.

ఫ్యాక్ట్ అంటే రుజువు చేయగలిగేది, ఒపీనియన్ అంటే అభిప్రాయం. "ఆదోని జామియా మసీదును 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించాడు" అనేది ఫ్యాక్ట్. "ఆదోనిలో అంతకంటే అందమైన కట్టడం లేదు" అనేది ఒపీనియన్.

కథ, కవిత చదివేటప్పుడు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్'లో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో రచయిత జి.ఎల్.ఫుయెంటెస్ రాసిన కథ. వాన కోసం ఎదురుచూసే లెంచో అనే రైతు కథ ఇది. వాన వస్తుంది, వెంటనే వడగళ్లు పడి పంట అంతా పోతుంది. లెంచో వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టర్ జాలిపడి, తోటి ఉద్యోగుల దగ్గర చందా పోగుచేసి డెబ్బై పెసోలు పంపుతాడు. లెంచో లెక్కపెట్టుకుని, మిగతా డబ్బు పోస్టాఫీసు వాళ్లే కాజేశారని మళ్లీ దేవుడికి రాస్తాడు. ఈ ఒక్క కథతో అన్ని పదాలూ నేర్చుకోవచ్చు.

సెట్టింగ్: కథ జరిగే చోటు, కాలం. ఇక్కడ కొండ మీద ఒంటరి ఇల్లు, చుట్టూ పొలం.
క్యారెక్టర్స్: పాత్రలు. లెంచో, పోస్టుమాస్టర్ మొదలైనవారు.
ప్లాట్: సంఘటనల వరుస.
కాన్‌ఫ్లిక్ట్: సంఘర్షణ. ఇక్కడ మనిషికి, ప్రకృతికి మధ్య.
పాయింట్ ఆఫ్ వ్యూ: కథ ఎవరు చెబుతున్నారు? "నేను" అని చెబితే ఫస్ట్ పర్సన్. ఈ కథలో బయటివారు చెబుతున్నారు కాబట్టి థర్డ్ పర్సన్.
ఐరనీ: అనుకున్నదానికి విరుద్ధంగా జరగడం. సాయం చేసినవాళ్లనే దొంగలనడం ఐరనీ.
థీమ్: కథ అంతటా కనిపించే భావం. ఇక్కడ చెక్కుచెదరని నమ్మకం. టాపిక్ రైతు, థీమ్ నమ్మకం. ఈ రెండూ ఒకటి కావు.

అలంకారాలు మనకు తెలుగు పాఠాల్లో వచ్చినవే. సిమిలీ అంటే ఉపమ. తెలుగులో "వలె, లాగా" ఉన్నట్టు ఇంగ్లీష్‌లో 'లైక్', 'యాజ్' ఉంటాయి. "విచ్చిన పత్తికాయ లాంటి నవ్వు" అంటే సిమిలీ. "ఆమె నవ్వు విచ్చిన పత్తికాయే" అంటే మెటాఫర్, మన రూపకం. లెంచో వాన చినుకుల్ని కొత్త నాణేలంటాడు, అది మెటాఫర్. పర్సనిఫికేషన్ అంటే ప్రాణం లేనిదానికి మనిషి లక్షణాలు ఇవ్వడం. హైపర్‌బోల్ అంటే అతిశయోక్తి. రైమ్ అంటే అంత్యానుప్రాస. ఇడియమ్ అంటే జాతీయం. "కళ్లు కాయలు కాచాయి" అంటే నిజంగా కాయలు కాయవు, చాలాసేపు ఎదురుచూశారని అర్థం. అలాగే 'పీస్ ఆఫ్ కేక్' అంటే తినేది కాదు, చాలా సులువైన పని.

ఒక చిన్న అభ్యాసం

ముందు తెలుగు పేరా మీద చేసి చూద్దాం. పద్ధతి చేతికి వస్తే ఇంగ్లీష్ పేరా మీదా అదే పద్ధతి.

"1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘం ఏర్పడింది. ఒంటరి నేతగాడు నూలు అప్పు మీద తెచ్చుకోవాలి. నేసిన బట్టను అప్పిచ్చినవాడికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. సహకార పద్ధతిలో నూలు సంఘమే ఇస్తుంది. నేసినందుకు మజూరీ ఇస్తుంది. బట్టను తనే అమ్ముతుంది. మగ్గం పాతదే, చేయి పాతదే. మారింది లెక్క."

ప్రశ్నలు:
1. సంఘం ఎప్పుడు ఏర్పడింది? (స్కానింగ్)
2. పేరాలోని మెయిన్ ఐడియా ఏమిటి?
3. ఒంటరి నేతగాడు బేరం ఎందుకు ఆడలేడు? (కాజ్ అండ్ ఎఫెక్ట్)
4. 'మజూరీ' అంటే ఏమిటి? (కాంటెక్స్ట్ క్లూ)
5. "మారింది లెక్క" అంటే ఏమిటి? (ఇన్‌ఫరెన్స్)

జవాబులు: 1. 1938లో. 2. సహకార పద్ధతి నేతగాడికి అప్పిచ్చినవాడి మీద ఆధారపడే అవసరం తగ్గిస్తుంది. 3. నూలు కోసం అప్పు చేశాడు కాబట్టి బట్ట ఇంకొకరికి అమ్మలేడు. 4. నేసినందుకు ఇచ్చేది కాబట్టి కూలి. 5. పని మారలేదు, ఆ పని మీద వచ్చే డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది మారింది. ఆధారం: నూలు ఇవ్వడం, బట్ట అమ్మడం రెండూ సంఘం చేతికి వచ్చాయి.

రెండో ప్రశ్నకు "నేతగాళ్ల సంఘం" అని రాసినవాళ్లు టాపిక్ రాశారు. ఐదో ప్రశ్నకు జవాబు పేరాలో మాటకు మాట ఉండదు. అందుకే కాపీ కొట్టి రాస్తే మార్కు రాదు.

రోజూ ఇరవై నిమిషాలు

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. ఇంట్లో అడగడానికి ఎవరూ లేనివాళ్లకు హాస్టల్లో ఒక మేలుంది. ఇక్కడ పక్క మంచం మీద అక్క ఉంటుంది. క్యాంప్‌బెల్ మన బడుల్లో తప్పులు చూపించినా ఒక్క పద్ధతిని బాగా మెచ్చుకున్నాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పడం, అలా నేర్పుతూ తమ చదువును గట్టి చేసుకోవడం. దాన్ని ఇంగ్లండ్‌లో కూడా అనుసరించారని రాశాడు. ఆ పద్ధతికి ఖర్చు లేదు. కాబట్టి ఇలా చేయండి.

తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఒక్కొక్కరు ఆరు, ఏడు తరగతుల అమ్మాయి ఒకరిని జతగా తీసుకోండి. ఒక ఇంగ్లీష్ పేరాను ఇద్దరూ మౌనంగా చదవండి. పుస్తకం మూసేయండి. చిన్న అమ్మాయి అందులో ఏముందో తెలుగులోనే చెప్పాలి. కన్నడమో ఉర్దూనో ఇంటి భాష అయితే అందులోనే చెప్పనివ్వండి, అర్థం ముఖ్యం. తర్వాత పెద్ద అమ్మాయి మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి స్కానింగ్, ఒకటి మెయిన్ ఐడియా, ఒకటి ఇన్‌ఫరెన్స్. చివర ఇద్దరూ కలిసి రెండు ఇంగ్లీష్ వాక్యాల్లో సమ్మరీ రాయండి. తప్పులుంటే ఉండనీ. రోజుకు ఒక పేరా చొప్పున నెలకు ముప్పై పేరాలు అవుతాయి.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థినులు కూడా సెలవు రోజున వచ్చి ఒక గంట ఇలా కూర్చుంటే ఎంతో మేలు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఒక పేరా చదివించి "ఇందులో ఏముంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా ఆగితే చాలు.

1823లో ఈ ప్రాంతమంతటికీ బడి ముఖం చూసిన ఆడపిల్లలు అరవై మంది. ఇప్పుడు మన ఒక్క హాస్టల్లోనే అంతకంటే ఎక్కువ మందిమి ఉన్నాం. బడికి రావడం అనే మొదటి మెట్టు ఎక్కాం. చదివింది అర్థం చేసుకోవడం రెండో మెట్టు. ఈ రాత్రి స్టడీ అవర్‌లోనే ఒక పేరాతో మొదలుపెట్టండి.

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, పి.జి.